తాతగారి కత్తికి మళ్లీ పదును

చెన్నై సముద్రపు గాలి ఇనుమును ఊరికే వదలదు. మైలాపూరులో మా ఇంటి అటక మీద ఏళ్ల తరబడి పడి ఉన్న తాతగారి గడ్డం కత్తి నిండా తుప్పే. కుట్టుమిషను నూనె వేసి రాత్రంతా ఉంచితే గాని పిడిలోంచి అలుగు కదలలేదు. అలుగు మొదట్లో ‘జోలింగెన్’ అన్న అక్షరాలు బయటపడ్డాయి. కత్తులకు పేరుపడ్డ జర్మనీ పట్టణమది. ఇక దాన్ని వదలబుద్ధి కాలేదు.

ముందు భూతద్దంతో అంచు చూశాను. తుప్పు గుంటలు అలుగు మధ్యలో ఉంటే ఫరవాలేదు. అంచు దాకా వస్తే ఎంత సానపట్టినా అక్కడక్కడ రాలుతుంది. నా అదృష్టం, అంచు బాగుంది.

నూనెలో తడిపిన 600, 1000, 2000 నంబరు గరుకు కాగితాలతో (నంబరు పెరిగేకొద్దీ నున్నన) చేత్తోనే తుప్పు తీశాను. మోటారు చక్రానికి మాత్రం పట్టించకండి. పలచని అంచు క్షణాల్లో వేడెక్కి ఉక్కు గట్టిదనం పోతుంది, అది మళ్లీ రాదు.

అసలు పని సానరాయి దగ్గరే. వెన్ను, అంటే అలుగు మందపు వైపు, అంచు రెండూ రాయికి ఆనాలి. కోణాన్ని నిర్ణయించేది వెన్నే. అంచు ముందుకు ఉండేలా, బరువు మోపకుండా నడపాలి. 1000 నంబరు రాయి మీద అంచు పొడవునా తెగని మెరుపు గీత వచ్చేదాకా తర్వాతి నున్నటి రాయికి వెళ్లవద్దు. తొందరపడితే తర్వాతి శ్రమంతా వృథా. ఆపైన 4000, 8000, చివరికి తోలు పట్టీ. పట్టీ మీద మాత్రం వెన్ను ముందు నడవాలి, లేదంటే తోలు తెగుతుంది.

ఇప్పుడు గడ్డం హాయిగా గీసుకుంటున్నాను. వాడిన ప్రతిసారీ పొడిగా తుడిచి, పలచగా నూనె పూస్తున్నాను.