"నాకు రాదు" అని పిల్లలు ముందే చేతులెత్తేస్తుంటే

ఐదు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల్లో, బడిలో తరచూ కనిపించే ఇబ్బందులివి. ధైర్యం సంగతి తర్వాత, ముందు కళ్లూ చెవులూ పరీక్ష చేయించండి. బోర్డు మీద అక్షరాలు ఆనని పిల్ల కూడా "నాకు రాదు" అనే అంటుంది.

సమస్య: పెన్సిల్ పట్టకముందే "రాదు" అంటారు

కారణం: బద్ధకం కాకపోవచ్చు. పని కొండంత కనిపించడమో, ఇంతకుముందు తప్పు చేసినప్పుడు నలుగురూ నవ్వడమో అయి ఉంటుంది.

పరిష్కారం: పేజీలో పది లెక్కలుంటే మూడు మాత్రం కనిపించేలా మిగతావి కాగితంతో కప్పండి. మొదటిది మీరు పైకి చెబుతూ చేయండి, రెండోది కలిసి చేయండి, మూడోది పిల్లలకే వదిలేయండి. జాలిపడి జవాబు చెప్పేస్తేనే చిక్కు: "రాదు" అంటే పని తప్పుతుందని ఇట్టే కనిపెట్టేస్తారు. "ఒకట్ల స్థానంలో ఏముంది?" అని తర్వాతి మెట్టు వరకే అందించండి.

సమస్య: బాగా చదివే పిల్లే కష్టమైనది తప్పించుకుంటుంది, ఒక్క తప్పుకే పేజీ చింపేస్తుంది

కారణం: చాలాసార్లు మన పొగడ్తే. మనస్తత్వ శాస్త్రవేత్తలు క్లాడియా ముల్లర్, కెరోల్ డ్వెక్ 1998లో ప్రచురించిన ప్రయోగాల్లో, తెలివైనవారని మెచ్చుకున్న ఐదో తరగతి పిల్లలు తర్వాత తేలిక పనుల వైపు మొగ్గారు, ఒకసారి దెబ్బతినగానే పట్టు సడలించారు. కష్టపడ్డారని మెచ్చుకున్నవాళ్లు నేర్చుకోవడానికి ఏదైనా ఉన్న పనినే ఎక్కువగా కోరుకున్నారు. "తెలివైనది" అన్న బిరుదు ఇచ్చాక, ప్రతి తప్పూ దాన్ని లాగేసుకునేదిగానే తోస్తుంది మరి.

పరిష్కారం: చూసింది చూసినట్టు చెప్పండి: "'ళ' మూడుసార్లు రాశావు, మూడోసారి మెలిక సరిగ్గా తిరిగింది." ఊరికే "బాగా కష్టపడ్డావు" అన్నా లాభం లేదు. కష్టపడినా రాలేదంటే మార్చాల్సింది పద్ధతి. ప్రతి గీతకూ "అద్భుతం!" అనడం ఇంకా చేటు, తన మీద తనకు నమ్మకం తక్కువున్న పిల్లలు మళ్లీ అంత బాగా చేయలేమేమోనని జంకుతారు. తప్పును రబ్బరుతో చెరిపించకండి. ఒక గీత కొట్టి పక్కనే మళ్లీ రాయించండి.

సమస్య: ప్రశ్న అడిగితే నోరు విప్పరు

కారణం: ఆలోచించే వ్యవధి ఇవ్వం. తరగతి గదులను పరిశీలించిన మేరీ బడ్ రో, టీచర్లు ప్రశ్న వేశాక ఆగేది సుమారు ఒక్క సెకనేనని గమనించారు. మూడు సెకన్లు ఆగితే జవాబులు పెద్దవయ్యాయి, అడగకుండానే చెప్పేవాళ్లూ పెరిగారు.

పరిష్కారం: మనసులో మూడు లెక్కపెట్టండి. ముందు పక్కనున్న పిల్లలతో చెప్పుకోనిచ్చి, తర్వాత అందరిలో అడగండి.

ఇంట్లో గలగలా మాట్లాడే పిల్లలు, బడికి అలవాటుపడాల్సిన తొలి నెల దాటాక కూడా అక్కడ వారాల తరబడి పెదవి విప్పకపోతే అది మామూలు బిడియం కాకపోవచ్చు. బతిమాలి, బెదిరించి మాట్లాడించకుండా పిల్లల మానసిక నిపుణులకు చూపించండి.

సమస్య: ఆటలో ఓడితే ఏడుపు

ఏడుస్తున్నప్పుడు చెప్పే నీతి చెవికెక్కదు, ఊరుకున్నాక మాట్లాడండి. ఐదు నిమిషాల్లో తేలిపోయే ఆటలు ఆడిస్తే గెలుపూ ఓటమీ రెండూ అలవాటవుతాయి. ప్రతిసారీ మీరే కావాలని ఓడిపోకండి, పిల్లలు పసిగట్టేస్తారు.