కారుకి వాక్స్ పెట్టిన నెలకే పోతోందా? మన ఎండకి, బోరు నీళ్లకి ఆగేది ఏది

మాది ఒంగోలు. కారు ముదురు నీలం రంగు, రోజంతా ఎండలోనే ఉంటుంది, కడిగేది బోరు నీళ్లతో. "ఎక్కువ కాలం ఉండే వాక్స్ ఏదన్నా ఉంటే చెప్పన్నా" అని అడిగేవాళ్లలో చాలామంది పరిస్థితి కూడా ఇదే. కొత్త డబ్బా కొనే ముందు పాతది ఎందుకు పోయిందో చూసుకోండి.

సమస్య: నెల కూడా కాలేదు, నీళ్లు పోస్తే చుక్కలు కట్టి జారడం లేదు

దేంతో కడుగుతున్నారు? సర్ఫో, గిన్నెలు తోమే లిక్విడో అయితే కారణం అక్కడే ఉంది. జిడ్డు వదిలించడం వాటి పని, వాటికి వాక్స్ కూడా జిడ్డే. కార్ షాంపూకి మారండి. వాటర్ సర్వీసింగ్‌కి ఇస్తే మీ షాంపూ మీరే పట్టుకెళ్లండి.

షాంపూ సరైనదే అయినా పోతుంటే వాక్స్ రకం చూడాలి. కార్నాబా అంటే బ్రెజిల్‌లో పెరిగే తాటి జాతి చెట్టు ఆకుల మీద పట్టే మైనం. మెరుపు చాలా బాగుంటుంది, కాదనను, కానీ రోహిణి కార్తెలో బానెట్ మీద చెయ్యి పెట్టలేని మన ఊళ్లలో బయట నిలబడే బండికి అది నెలా రెండు నెలలకు మించి ఆగడం కష్టం. సింథటిక్ సీలెంట్, అంటే వాక్స్ బదులు రాసే కృత్రిమ పాలిమర్ పూత అయితే 4 నుంచి 6 నెలలు వస్తుంది. నేను మాత్రం అదే కొనమంటాను.

సమస్య: సిరామిక్ కోటింగ్ (పెయింటు మీద గట్టిపడే రక్షణ పొర) వేయించినా కొన్ని నెలలకే పని చేయడం లేదు

ఇది నాకే జరిగింది. ఒక షాపులో పైపైన కడిగి కోటింగ్ వేసేశారు, మూడు నెలలకే నీళ్లు జారడం ఆగిపోయింది. పెయింటుకి పట్టిన తారు, బ్రేకుల నుంచి ఎగిరే ఇనుప రజను పోకుండా పైన ఏది వేసినా సరిగ్గా అంటుకోదు. కడిగి ఆరాక చేతికి పల్చటి ప్లాస్టిక్ కవర్ తొడుక్కుని బానెట్ మీద మెల్లగా నిమరండి, గరుగ్గా తగిలితే షాంపూ నీళ్లు చల్లుకుంటూ క్లే బార్‌తో (పెయింటుకి పట్టిన మురికిని లాగేసే మెత్తటి బంకమట్టి లాంటి ముద్ద) రుద్దాలి, నున్నగా అయ్యాకే వాక్స్ అయినా కోటింగ్ అయినా. క్లే ముక్క కిందపడితే మళ్లీ వాడొద్దు, దానికి అంటిన ఇసుక గీతలు పెడుతుంది.

సమస్య: తెల్లటి గుండ్రటి మరకలు

మన దగ్గర అసలు గొడవ ఇదే. బకెట్‌కి, గీజర్ కాయిల్‌కి పట్టే తెల్ల పొరే ఇది, నీళ్లు ఆవిరైపోయి కాల్షియం, మెగ్నీషియం మిగిలిపోతాయి. సిరామిక్ ఉంటే మరకలు పడవనుకోవద్దు, చుక్కలు కట్టిన నీళ్లు అక్కడే ఎండితే మచ్చ ఇంకా గట్టిగా కనబడుతుంది. కొత్త మరకైతే నీడలో, బండి చల్లగా ఉన్నప్పుడు, వైట్ వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి గుడ్డ తడిపి ఒక నిమిషం ఉంచి బాగా కడిగేయండి. అక్కడ వాక్స్ కూడా పోతుంది, మళ్లీ పెట్టుకోవాలి. దానికీ పోకపోతే క్లియర్ కోట్‌లోకి, అంటే రంగు మీద ఉండే పారదర్శక పొరలోకి దిగి ఉండొచ్చు, అప్పుడు పాలిషింగ్ చేయించాల్సి రావచ్చు.

రాకుండా ఉండాలంటే పొద్దెక్కకముందే కడగండి, ఒక్కో వైపు కడగ్గానే మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచేయండి. చివర్లో 20 లీటర్ల ఆర్వో క్యాన్ తెచ్చుకుని పైనుంచి పోసి ముగించండి. ఆ ఒక్క అలవాటుతో నా బండికి మరకలు దాదాపు ఆగిపోయాయి.

సమస్య: ఎండలో సాలెగూడు లాంటి గీతలు

పొడిగుడ్డతో దుమ్ము దులపడం వల్ల. చీమకుర్తి రోడ్డులో తిరిగే బండి మీద ఉండేది గ్రానైట్ పొడి, దాన్ని పొడిగా తుడిస్తే ఉప్పు కాగితంతో రుద్దినట్టే. ముందు నీళ్లు పోసి దుమ్ము జారిపోయాకే గుడ్డ పెట్టండి. వాక్స్ ఈ గీతల్ని కొన్నాళ్లు కప్పుతుంది, తీసేయదు. పాలిష్ తీసేస్తుంది కానీ క్లియర్ కోట్ మందం మామూలుగా 40, 50 మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు), పాలిష్ చేసిన ప్రతిసారీ అది తరుగుతుంది, కాబట్టి ఏటేటా చేయించొద్దు.

రూఫ్ మీద పొర తెల్లగా పెచ్చులు లేస్తోందంటే మాత్రం క్లియర్ కోట్ అయిపోయినట్టే. దానికి వాక్సూ లేదు, కోటింగూ లేదు, ఆ డబ్బు పెయింటింగ్‌కి పెట్టుకోండి.