లండన్ నుంచి లాస్ ఏంజిలిస్‌కి ఎన్ని గంటలు? ఇంట్లోనే లెక్క వేసుకోండి

మా చెల్లెలు మొదటిసారి లండన్‌లో లాస్ ఏంజిలిస్ విమానం ఎక్కినప్పుడు, టికెట్టు మీద మధ్యాహ్నం 3కి బయల్దేరి సాయంత్రం 6కి దిగుతుందని ఉంది. తనని ఎయిర్‌పోర్టులో దింపి వచ్చిన అమ్మ, ప్రయాణం మూడు గంటలే అనుకుంది. ఆరు దాటినా ఫోను రాకపోయేసరికి ఆమె పడ్డ టెన్షన్ నాకింకా గుర్తుంది. అప్పటినుంచి ఇంట్లో ఎవరు దూరం వెళ్తున్నా ముందే లెక్క వేసి, కాగితం మీద రాసి అమ్మ చేతికిస్తున్నాను.

ముందు దూరం చూద్దాం. గోడ మీది మ్యాపులో స్కేలు పెట్టి కొలవకండి. గుండ్రటి భూమిని చదును చేసి గీసింది కాబట్టి అది తప్పే చెబుతుంది. ఒక గ్లోబు, కాస్త కుట్టు దారం చాలు. దారం ఒక కొసను లండన్ మీద వేలితో నొక్కిపట్టి, రెండో కొసను లాస్ ఏంజిలిస్ దాకా బిగుతుగా లాగండి. దారం అట్లాంటిక్‌లో అడ్డంగా పోదు, పైకి జరిగి గ్రీన్‌లాండ్ దక్షిణ భాగం మీదుగా వెళ్తుంది. అదే దగ్గరి దారి. 30 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గ్లోబు మీద ఒక సెంటీమీటరు అంటే దాదాపు 425 కిలోమీటర్లు. దారం 20.6 సెంటీమీటర్లు వస్తుంది, అంటే సుమారు 8,760 కిలోమీటర్లు.

దాన్ని 850తో భాగించండి. పెద్ద జెట్ విమానాలు గంటకు 850 నుంచి 900 కిలోమీటర్ల వేగంతో పోతాయి. విమానం పైకి లేచేటప్పుడు, కిందికి దిగేటప్పుడు, రన్‌వే దాకా నేల మీద మెల్లగా వెళ్లేటప్పుడు పోయే సమయానికి 40 నిమిషాలు కలపండి. మనకు వచ్చేది 11 గంటలు.

ఇక గాలి. ఆకాశంలో పైన పడమటి నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ వీస్తుంటుంది, చలికాలంలో మరీ బలంగా. అందుకే తిరుగు ప్రయాణం ముప్పావు గంట దాకా తగ్గుతుంది. దారి మూసేస్తే మాత్రం ఈ లెక్కంతా మారిపోతుంది. 2022లో రష్యా గగనతలం మూతపడ్డాక, తొమ్మిదిన్నర గంటల్లో అయిపోయే హెల్సింకి-టోక్యో ప్రయాణానికి దాదాపు 13 గంటలు పడుతోంది.

అమ్మ పొరపడింది గడియారం దగ్గర. టికెట్టు మీద బయల్దేరే టైం బయల్దేరే ఊరిది, దిగే టైం దిగే ఊరిది. లండన్ కంటే లాస్ ఏంజిలిస్ 8 గంటలు వెనక. 3 నుంచి 6కి మూడు గంటలు, దానికి ఎనిమిది కలిపితే పదకొండు. తిరిగి వచ్చేటప్పుడు ఆ ఎనిమిదే తీసేయాలి. మార్చిలో, అక్టోబరు చివర్లో మాత్రం జాగ్రత్త. అమెరికా, బ్రిటన్ గడియారాలు మార్చే తేదీలు వేరు కాబట్టి కొన్నాళ్లపాటు తేడా 7 గంటలే ఉంటుంది.

మధ్యలో విమానం మారాల్సి ఉంటే ప్రతి ముక్కకూ విడిగా లెక్క కట్టి, ఆగే సమయం కలపండి.

కాగితం మీద దిగే టైం ఇంట్లోవాళ్ల గడియారం ప్రకారమే రాయండి. చెల్లెలి విషయంలో అది లండన్ టైం రాత్రి 2. ఇమ్మిగ్రేషన్‌కీ సామానుకీ ఇంకో గంటన్నర కలిపి, ‘ఫోను వచ్చేది 3:30కి’ అని పక్కన పెద్ద అక్షరాలతో రాయండి. అమ్మ చూసేది ఆ అంకెనే.