లినక్స్ టెర్మినల్‌లో నెట్‌వర్క్ షేర్ మౌంట్ కావట్లేదా?

విండోస్ మెషిన్‌లోనో నాస్ బాక్స్‌లోనో (నెట్‌వర్క్‌కి తగిలించిన స్టోరేజ్) ఉన్న షేర్‌ని, అంటే పంచుకున్న ఫోల్డర్‌ని, సీఐఎఫ్ఎస్‌తో (ఎస్ఎంబీ అనే ఫైల్ షేరింగ్ ప్రోటోకాల్‌కి లినక్స్‌లో వాడే పేరు) మౌంట్ చేయబోతే వచ్చే ఎర్రర్ మాటల్ని పూర్తిగా నమ్మకండి. వెంటనే సుడోతో డీమెసేజ్ (dmesg, కెర్నల్ సందేశాలు చూపేది) కమాండ్ ఇచ్చి చివరి నాలుగైదు లైన్లు చదవండి. కెర్నల్ అసలు సంగతి చాలాసార్లు అక్కడే చెప్పేస్తుంది.

"రాంగ్ ఎఫ్ఎస్ టైప్, బ్యాడ్ సూపర్‌బ్లాక్"

డిస్క్ పాడైందని టెన్షన్ పడక్కర్లేదు. చాలావరకు సీఐఎఫ్ఎస్-యుటిల్స్ ప్యాకేజీ లేకపోవడమే కారణం. అది ఇన్‌స్టాల్ చేస్తే సరి.

"పర్మిషన్ డినైడ్", నంబర్ 13

దీని వెనక రెండు వేర్వేరు కారణాలు ఉండొచ్చు. డీమెసేజ్‌లో లాగాన్ ఫెయిల్యూర్ అని ఉంటే యూజర్‌నేమో పాస్‌వర్డో డొమైనో తప్పు. యాక్సెస్ డినైడ్ అని ఉంటే లాగిన్ అయింది గానీ ఆ షేర్ మీద మీకు అనుమతి లేదు, సర్వర్‌లోనే ఇప్పించుకోవాలి.

పాస్‌వర్డ్ కరెక్టే అని ఒట్టేసి చెప్పగలిగితే, అందులో కామా ఉందేమో చూడండి. మౌంట్ ఆప్షన్లను విడదీసేది కామానే కాబట్టి పాస్‌వర్డ్ అక్కడికే తెగిపోతుంది. యూజర్‌నేమ్ ఒక లైన్లో, పాస్‌వర్డ్ ఇంకో లైన్లో ఉండేలా ఒక ఫైల్ రాసి, దాని పర్మిషన్ 600 (ఓనర్ మాత్రమే చదవగలిగేలా) చేసి, క్రెడెన్షియల్స్ ఆప్షన్‌లో ఆ ఫైల్ పాత్ ఇవ్వండి. కామా లేకపోయినా ఇదే మంచి పద్ధతి. కమాండ్ హిస్టరీలో పాస్‌వర్డ్ మిగిలిపోదు.

"హోస్ట్ ఈజ్ డౌన్", నంబర్ 112

పింగ్ చేస్తే సర్వర్ శుభ్రంగా పలుకుతుంది, మౌంట్ మాత్రం అది లేదంటుంది. సాధారణంగా ఇది ప్రోటోకాల్ వెర్షన్ గొడవ. 2017లో వచ్చిన 4.13 కెర్నల్ నుంచి లినక్స్ తనంతట తానుగా ఎస్ఎంబీ1 (ఎస్ఎంబీలో పాత వెర్షన్) వాడటం మానేసింది. పాత నాస్‌కి అదొక్కటే వస్తే ఇద్దరికీ మాట కలవదు. ముందు నాస్ సెట్టింగుల్లో ఎస్ఎంబీ2 గానీ 3 గానీ ఆన్ చేయగలరేమో చూడండి, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేయండి. ఏ దారీ లేకపోతేనే వెర్స్ (vers) ఆప్షన్‌కి 1.0 ఇవ్వండి, అదీ డేటా బయటికి తీసుకునేంతవరకే. అదే 2017 మేలో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ పాకింది విండోస్ ఎస్ఎంబీ1లోని లోపాన్ని పట్టుకునే.

నంబర్ 115 అయితే 445 పోర్ట్‌ని ఫైర్‌వాల్ ఆపుతోందేమో చూడండి. నంబర్ 2 అయితే షేర్ పేరు తప్పయి ఉండొచ్చు. ఎస్ఎంబీక్లయింట్‌కి పెద్ద ఎల్ ఆప్షన్ ఇస్తే సరైన పేర్ల లిస్ట్ వస్తుంది.

మౌంటైంది, కానీ ఫైల్ సేవ్ కావట్లేదు

ఫైళ్లన్నీ రూట్ పేరు మీద కనిపిస్తుంటాయి. ఫైల్ ఓనర్‌ని మార్చే చౌన్ (chown) కమాండ్ మామూలుగా ఇక్కడ పనిచేయదు. ఐడీ కమాండ్‌లో వచ్చిన మీ నంబర్లను యూఐడీ, జీఐడీ ఆప్షన్లలో ఇచ్చి మళ్లీ మౌంట్ చేయండి. అన్నిటికీ 777 పర్మిషన్ (అందరికీ అన్ని అనుమతులు) పెట్టేయమనే సలహా ఎదురైతే పక్కన పెట్టండి.

సర్వర్ ఆగిపోయి డిస్క్‌లో ఖాళీ ఎంతో చూపే డీఎఫ్ కమాండ్ బిగుసుకుపోతే, యూమౌంట్‌కి చిన్న ఎల్ ఆప్షన్ ఇచ్చి ఆ మౌంట్‌ని వదిలించుకోండి.