ఒంగోలు నుంచి నెల్లూరుకు కారులో బయల్దేరే ముందు

ఫాస్టాగ్‌లో డబ్బులున్నాయో లేదో రాత్రే చూసుకోండి. నగదు కడితే టోల్ రెట్టింపు.

స్టెప్నీలో గాలి కూడా చూడాలి. మనం మర్చిపోయేది దాన్నే! హైవేలో బండి ఆగితే 1033కి ఫోన్ చేయండి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాన కబురు తెలుసుకోకుండా కదలొద్దు. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర హైవే, రైలు పట్టాలు రెండూ దెబ్బతిన్నాయి. నెల్లూరు ఊళ్లోకి వచ్చాక మాగుంట లేఅవుట్ అండర్‌బ్రిడ్జి కింద నీళ్లుంటే ముందు బండి వెళ్లిందని మీరూ దిగకండి. ఇంజిన్‌లోకి నీళ్లు పోతే టోల్ ఖర్చు గుర్తే ఉండదు. చుట్టూ తిరిగినా ఫ్లైఓవరే నయం.

ఎదురుగా వచ్చే బైకులుంటాయి, సర్వీసు రోడ్డులో నెమ్మది.

ఒక్కరే అయితే కారెందుకు, పినాకిని రైలు ఎక్కండి.