కంట్లో శుక్లాలు వచ్చి చూపు తగ్గుతున్న గినీ పిగ్‌ను ఎలా చూసుకోవాలి?

గినీ పిగ్ సాధారణంగా ఐదు నుంచి ఎనిమిదేళ్లు బతుకుతుంది. వయసు మీద పడ్డాక, కొన్నింటికి వంశపారంపర్యంగా చిన్న వయసులోనే, కంటిలోని కటకం మసకబారి కంటిపాప మధ్యలో తెల్లటి పొర కనిపిస్తుంది. అదే శుక్లం. మనుషులకు చేసినట్టు శస్త్రచికిత్స చేసి కటకాన్ని మార్చడం ఇంత చిన్న ప్రాణి విషయంలో చాలా అరుదు, చుక్కల మందుతో శుక్లం కరగదు. అయినా భయపడవలసిన పని లేదు. కేవలం శుక్లం వల్ల నొప్పి ఉండదు, పైగా గినీ పిగ్ తన లోకాన్ని వాసనతో, చెవులతో, మూతి చుట్టూ ఉండే మీసాలతోనే ఎక్కువగా తెలుసుకుంటుంది. చూపు పూర్తిగా పోయినా, తన చుట్టూ ఉన్నవి చోటు మారకుండా ఉంటే అది హాయిగా తిని తిరుగుతుంది. మన వంతు పని రెండు భాగాలు: కంట్లో ఉన్నది నిజంగా శుక్లమేనా అని తేల్చుకోవడం, ఆ తర్వాత ఇంటిని దానికి తగినట్టు అమర్చడం.

ముందుగా కంటిని పరీక్షగా చూడండి

వెలుతురు తక్కువగా ఉన్న గదిలో గినీ పిగ్‌ను ఒడిలో కూర్చోబెట్టుకుని, చిన్న టార్చి వెలుగును పక్క నుంచి కంటి మీద పడనివ్వండి. శుక్లమైతే తెల్లదనం కంటి లోపల, నల్లపాప వెనుక ఉన్నట్టు కనిపిస్తుంది, కంటి పైభాగం మాత్రం తడిగా, నున్నగా మెరుస్తూ ఉంటుంది. మసక కంటి పైపొర మీదే ఉండి, కన్ను సగం మూసుకుని, నీరు కారుతూ, చుట్టూ ఎర్రబడి ఉంటే అది శుక్లం కాకపోవచ్చు. ఎండుగడ్డి పుల్ల గుచ్చుకుని పైపొర మీద పుండు పడినప్పుడు ఇలాగే ఉంటుంది. అది బాగా నొప్పి పెడుతుంది, ఆలస్యం చేస్తే కన్నే పోతుంది కాబట్టి ఆ రోజే వైద్యునికి చూపించాలి. కన్ను ఉబ్బి ముందుకు పొడుచుకువచ్చినా అంతే. ముఖం కడుక్కునే ముందు గినీ పిగ్ కంటి నుంచి పాలలాంటి తెల్లటి ద్రవం ఒక్క క్షణం రావడం మాత్రం సహజమే, దాన్ని చూసి కంగారు పడకండి.

చూపు ఎంత ఉందో తెలుసుకోవడానికి ముఖం ముందు చెయ్యి ఆడిస్తే లాభం లేదు, ఎందుకంటే చెయ్యి కదిలినప్పుడు వచ్చే గాలికే అది తల తిప్పుతుంది. చిన్న దూది ఉండను చప్పుడు లేకుండా పక్క నుంచి కిందికి వదలండి. చూపున్న గినీ పిగ్ ఉలికిపడుతుంది లేదా అటు తిరుగుతుంది, చూపు లేనిది ఏమీ జరగనట్టు ఉండిపోతుంది. రెండు వైపులా విడివిడిగా చూడండి. ముసలి గినీ పిగ్‌ల కళ్లలో నీలిఛాయతో లేత మసక ఉన్నా చూపు బాగానే ఉండే సందర్భాలున్నాయి.

వైద్యుని దగ్గరికి వెళ్లేటప్పుడు

మీరు నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల వారైతే, ఆ పట్టణాల్లోని పశువైద్యశాలలకు ఎక్కువగా గేదెలు, గొర్రెలు, మేకలు వస్తాయి. గినీ పిగ్‌ను చూసిన అనుభవం అక్కడి వైద్యునికి ఉందో లేదో ముందే అడగడంలో తప్పు లేదు. లేదంటే హైదరాబాద్‌లో చిన్న జంతువులను చూసే వైద్యులున్నారు, రాజేంద్రనగర్‌లో పశువైద్య కళాశాల ఉంది. రెండు జిల్లా కేంద్రాల నుంచీ ప్రయాణం సుమారు వంద కిలోమీటర్లు కాబట్టి ఎండాకాలంలో తెల్లవారుజామునే బయలుదేరండి. గాలి ఆడే పెట్టెలో దాని పాత గుడ్డ, గుప్పెడు గడ్డి, ఒక కీర ముక్క పెట్టండి. జతగాడు ఉంటే దాన్నీ వెంట తీసుకెళితే బెదురు తగ్గుతుంది.

మధుమేహం వల్ల కూడా శుక్లాలు వస్తాయి. నీళ్లు ముందుకంటే ఎక్కువగా తాగడం, గూడు తరచుగా తడిసిపోవడం, బాగా తింటున్నా బరువు తగ్గడం కనిపిస్తే ఆ సంగతి చెప్పి, రక్తంలోనూ మూత్రంలోనూ చక్కెర పరీక్ష చేయమని అడగండి. మరో ముఖ్యమైన మాట కూడా మొహమాటం లేకుండా చెప్పాలి. పెన్సిలిన్, ఆంపిసిలిన్, అమాక్సిసిలిన్, క్లిండమైసిన్ వంటి యాంటీబయాటిక్‌లు గినీ పిగ్ పేగుల్లోని మంచి సూక్ష్మజీవులను చంపి దాని ప్రాణమే తీయగలవు. కుక్కలకు, పశువులకు రోజూ రాసే మందులే కాబట్టి అలవాటుగా చీటీలో పడే అవకాశం ఉంది.

ఇంటి వైద్యాలు మాత్రం వద్దు. నందివర్ధనం పూల రసం, తేనె, తల్లిపాలు, ఆముదం వంటివి కంట్లో వేయమని పెద్దవాళ్లు ప్రేమతోనే చెబుతారు, కానీ ఈ చిన్న కంటికి వాటివల్ల మంట, చీము తప్ప మేలు జరగదు. ఇంట్లో మిగిలిన మనుషుల చుక్కల మందులు కూడా వేయకండి. పైపొర మీద పుండు ఉన్నప్పుడు స్టెరాయిడ్ కలిసిన చుక్కలు పడితే పుండు ఇంకా లోతుకు పోతుంది.

గూటిని ఒకసారి సరిచేసి, ఇక కదిలించకండి

చూపు తగ్గిన గినీ పిగ్‌ను కాసేపు గమనిస్తే, అది గోడకు ఒళ్లు ఆనించుకుని నడవడం, మూల దగ్గర ఆగి మీసాలతో తడిమి తిరగడం, గిన్నె అంచుకు మూతి తగలగానే తల దించి నేరుగా ఆకు అందుకోవడం కనిపిస్తుంది. ఎన్ని అడుగులు వేస్తే నీళ్లు దొరుకుతాయో, ఏ పక్కకు తిరిగితే దాక్కునే చోటు వస్తుందో దాని ఒంటికే తెలుసు. మనం శుభ్రం చేసేటప్పుడు గిన్నెను జానెడు పక్కకు జరిపినా ఆ లెక్క తప్పుతుంది, అది పాత చోటనే వెతుకుతూ నిలబడిపోతుంది.

అందువల్ల ముందే బాగా ఆలోచించి అమర్చండి. రెండు గినీ పిగ్‌లకైతే నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉన్న ఒకే అంతస్తు గూడు కనీసం కావాలి. మెట్లు, ఏటవాలు పలకలు ఉంటే తీసేయండి, అది పడిపోయేది అక్కడే. తిండి గిన్నె తల తగిలినా ఒరిగిపోని బరువైనది, అంచు తక్కువగా ఉన్నది అయితే మేలు, చిన్న మట్టి మూకుడు చక్కగా సరిపోతుంది. నీళ్ల సీసా గొట్టం కంటి ఎత్తున దారిలోకి పొడుచుకు రాకుండా ఒక మూలకు కట్టండి. తీగలతో చేసిన గడ్డి బుట్టల కొసలు కళ్లకు గుచ్చుకుంటాయి, దాని బదులు ఒక వైపు కోసేసిన అట్టపెట్టెలో గడ్డి కుప్పగా వేయడం సురక్షితం. దాక్కునే పెట్టెకు రెండు దారులు పెట్టండి. ఒకే దారి ఉంటే, చూడలేని ప్రాణి లోపల చిక్కుకున్నానని బెదురుతుంది, జతగాడు అడ్డం పడుకుంటే బయటికి రాలేదు.

కింద పరిచేదాని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మన దగ్గర మిల్లుల్లో వరి ఊక చవకగా దొరుకుతుంది కాబట్టి చాలామంది అదే పోస్తారు. ఊక కొసలు పదునుగా ఉంటాయి, దుమ్ము కూడా ఎక్కువ. రెప్పల కిందికి చేరిన ఒక్క ఊక గింజ చాలు, కంటి మీద పుండు పడటానికి. రంపపు పొట్టు కూడా అలాంటిదే. పాత నూలు దుప్పట్లు, తువ్వాళ్లు మడిచి పరచడం అన్నింటికంటే మంచిది. షాబాద్ బండల మీద నేరుగా వదిలితే కాళ్లు జారి, చూపు లేని గినీ పిగ్ అడుగు వేయడానికే జంకుతుంది. తిరిగే మేరకు చాప గానీ గుడ్డ గానీ పరచండి.

శుభ్రం చేసేటప్పుడు అన్ని గుడ్డలూ ఒకే రోజు మార్చకండి. సగం మార్చి, దాని వాసన ఉన్న ఒక గుడ్డను అక్కడే ఉంచండి, ఆ వాసనే దానికి దారి చూపుతుంది. ఫినాయిల్ వాడవద్దు. దాని ఘాటు మిగతా వాసనలన్నింటినీ కప్పేస్తుంది, పైగా అది విషం కూడా. నీళ్లలో కాస్త వెనిగర్ కలిపి తుడిస్తే సరిపోతుంది.

తాకే ముందు మాట్లాడండి

గద్ద వచ్చి తన్నుకుపోయే భయం గినీ పిగ్ రక్తంలోనే ఉంది. చూడలేనిదానికి పై నుంచి హఠాత్తుగా చెయ్యి తగిలితే ఆ భయం రెట్టింపవుతుంది, ఆ బెదురులో ఎంత సాధువైనదైనా కరవవచ్చు. గూటి దగ్గరికి వస్తూనే పేరు పెట్టి పిలవండి, ప్రతిసారీ అదే మాట, అదే గొంతు. తర్వాత చేతిని నేల మట్టాన దాని ముక్కు ముందు ఉంచి వాసన చూడనివ్వండి. అది మూతి ఆనించాక ఒక చెయ్యి రొమ్ము కింద, మరో చెయ్యి వెనుక కాళ్ల కింద పెట్టి ఎత్తండి. పిల్లలకు ఇవ్వాలంటే వాళ్లను నేల మీద కూర్చోబెట్టి ఒడిలో పెట్టండి.

ఎండాకాలంలో గదిలో కూలర్ మోగుతున్నప్పుడు మన అడుగుల చప్పుడు దానికి వినపడదు. అప్పుడు పిలవడంతో పాటు గూటి చట్రం మీద వేలితో రెండుసార్లు తట్టడం అలవాటు చేయండి, ఆ కదలిక దాని పాదాలకు తెలుస్తుంది.

తిండి, నీళ్లు

గినీ పిగ్ ఒంట్లో మనుషుల్లాగే విటమిన్ సి తయారు కాదు. కిలో బరువున్నదానికి రోజుకు 10 నుంచి 30 మిల్లీగ్రాములు కావాలి, ఒంట్లో బాగా లేనప్పుడు ఎక్కువ వైపే ఇవ్వడం మంచిది. ఇది శుక్లాన్ని తగ్గించదు, కానీ లోపిస్తే చిగుళ్లు, కీళ్లు దెబ్బతిని, చూపు లేని జీవికి కదలడం మరింత కష్టమవుతుంది. పావు వంతు పచ్చి క్యాప్సికం, కొద్దిగా కొత్తిమీర రోజూ ఇవ్వవచ్చు, జామపండు వేలి కొసంత ముక్క అప్పుడప్పుడు చాలు. విటమిన్ చుక్కలను నీళ్లలో కలిపితే త్వరగా చెడిపోతాయి, రుచి మారిందని అది నీళ్లే మానేస్తుంది.

అయితే ప్రధాన ఆహారం గడ్డే. నిరంతరం పెరిగే పళ్లు అరగడానికి అది ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. గరిక చాలా మంచిది, మక్క పొత్తుల మీది పచ్చి ఆకులను కూడా ఇష్టంగా తింటుంది. పత్తి చేల గట్ల మీది గరికను మాత్రం తేవద్దు, చేలో కొట్టిన పురుగుమందు దాని మీదా పడి ఉంటుంది. లేత జొన్న, కోసిన మోళ్ల నుంచి చిగిర్చిన పిలకలు పశువులకే ప్రాణాంతకమని పాలమూరు రైతులందరికీ తెలుసు, కిలోకు అటూ ఇటూ బరువుండే ప్రాణికి అసలు పెట్టకూడదు. నీళ్లు మీరు తాగేవే పోయండి. ఫ్లోరైడ్ బాధ ఎరిగిన ఈ జిల్లాల్లో బోరు నీళ్లు దానికి మాత్రం ఎందుకు?

ఆకును ముఖానికి ఎదురుగా ఊపకుండా, పెదవి పక్కన మెల్లగా తాకించండి, మీసాలు తగలగానే అదే తల తిప్పి అందుకుంటుంది. వారానికొకసారి వంటింటి కాటా మీద తూచి రాసిపెట్టుకోండి. బరువులో పదో వంతు తగ్గినా, సగం రోజు ఏమీ తినకపోయినా వైద్యునికి చూపించాలి. తల ఒక పక్కకు వాలిపోవడం, ఉన్నచోటే గుండ్రంగా తిరగడం చూపు లేకపోవడం వల్ల వచ్చేవి కావు, అవి చెవిలో జబ్బుకు గుర్తులు కావచ్చు.

ఎండ, చప్పుళ్లు, ప్రయాణాలు

గినీ పిగ్‌కు 18 నుంచి 24 డిగ్రీల చల్లదనం హాయి, 30 దగ్గరికి వచ్చేసరికే ప్రమాదం మొదలవుతుంది. నల్లగొండలో మే నెల ఎండ 45 డిగ్రీలకు చేరుతుంది. గూటిని ఇంట్లో అన్నింటికంటే చల్లని గదిలో ఫిబ్రవరి చివరికే మార్చేయండి, అప్పుడు కొత్త చోటును నింపాదిగా నేర్చుకుంటుంది. కూలర్ గాలి నేరుగా తగలనివ్వకండి. కరెంటు పోతే గడ్డకట్టిన నీళ్ల సీసాను తువ్వాలులో చుట్టి ఎప్పుడూ ఒకే మూలలో పెట్టండి.

బారాత్ డీజేలు, దీపావళి టపాసుల చప్పుడు చూపు లేనిదాన్ని చాలా బెదరగొడుతుంది. ఆ రాత్రులు గూటికి మూడు వైపులా మందపాటి దుప్పటి కప్పి, గాలి ఆడేలా నాలుగో వైపు వదిలి, దగ్గరలో మీరు కూర్చుంటే మంచిది.

దసరాకు ఊరెళ్లేటప్పుడు గినీ పిగ్‌ను వేరే ఇంటికి పంపడం కన్నా, పక్కింటివాళ్లకు తాళం ఇచ్చి ఉన్నచోటే చూసుకోమని అడగండి. పిలిచే మాట, గిన్నె, సీసాల చోటు, పెట్టకూడని ఉల్లిగడ్డ, వెల్లుల్లి, ఆలుగడ్డ వంటివి, వైద్యుని ఫోను నంబరు ఒక కాగితం మీద రాసి గూటికి అంటించండి. వెళ్లే ముందు రెండు మూడు రోజులు వాళ్లతోనే పిలిపించి ఆకు పెట్టిస్తే, ఆ గొంతు దానికి అలవాటవుతుంది.