టీచర్ల లీజర్ పీరియడ్ జోలికి వెళ్లకండి

ప్రిన్సిపాల్‌గా ఉన్నవాళ్లకి ఒక మాట. ఎవరైనా సెలవు పెడితే, వాళ్ల క్లాసుకి బదులుగా వెళ్లమనే సబ్‌స్టిట్యూషన్ స్లిప్ ఎప్పుడూ కాదనలేని ఆ ఒకరిద్దరి చేతికే వెళ్తుంది. గాజువాకలో బస్సెక్కి, ఎన్ఏడీ జంక్షన్ దాటి మద్దిలపాలెం దాకా నిలబడే వచ్చిన టీచర్, మన విశాఖ ఉక్కపోతలో వరుసగా మూడు క్లాసులు చెప్పి స్టాఫ్ రూమ్‌లో ఎర్ర పెన్ను మూత తీసేది క్లాసు లేని ఆ లీజర్ పీరియడ్‌లోనే. ఎదురుగా నలభై నోట్‌బుక్కులు. అప్పుడే స్లిప్ వస్తే ఆ కట్ట ఇంటికి మోసుకెళ్లాల్సిందే. 2009 నాటి విద్యాహక్కు చట్టం కూడా టీచర్ వారానికి పనిచేసే 45 గంటల్లో పాఠం తయారీ సమయాన్ని కలిపే లెక్కగట్టింది.

అందుకే ఎవరికి ఎన్ని సబ్‌స్టిట్యూషన్లు వేశారో ఒక పుస్తకంలో రాసుకోండి. వారంలో ఒకరికి రెండు దాటితే మూడోదానికి మీరే వెళ్లండి. కొత్త పాఠం చెప్పక్కర్లేదు, పిల్లల చేత గట్టిగా చదివించినా చాలు. అన్నట్టు, ఆ గదిలో వెనక బెంచీల పైన ఫ్యాన్ తిరగట్లేదని మీకు అప్పుడే తెలుస్తుంది. టీచర్ అడగకముందే బాగు చేయించండి.